బొమ్మ నొక్కితే పని జరగాలి: మొబైల్ యాప్‌లో ఇమేజ్ బటన్ పెట్టే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"ఇమేజ్ బటన్ పెట్టాను, బొమ్మ కనిపిస్తోంది, నొక్కితే మాత్రం ఏమీ అవ్వట్లేదు." యాప్‌లు చేయడం నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. దీని వెనకే ఇంకో మూడు వస్తాయి: బొమ్మ చుట్టూ బూడిదరంగు డబ్బా వస్తోంది, బొమ్మ సాగిపోతోంది, నా ఫోన్‌లో బాగానే ఉంది కానీ వేరే ఫోన్‌లో మసకగా ఉంది.

వీటిలో చాలావాటికి మూలం ఒకటే, బొమ్మనే బటన్ అనుకోవడం. బటన్ అంటే వేలు పడే చోటు. బొమ్మ ఆ చోటును చూపించే గుర్తు. ముందు చోటు ఎంతో తేల్చుకుని, ఆ తర్వాత అందులో బొమ్మ కూర్చోబెడితే సగం ఇబ్బందులు దగ్గరికే రావు.

ఆండ్రాయిడ్ స్టూడియోలో, కోట్లిన్ భాషతో, స్క్రీన్ అమరికని ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్ ఫైల్‌లో రాసే పద్ధతిలో పూర్తిగా చెబుతాను. తర్వాత కంపోజ్ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌ని కోడ్‌తోనే రాసే కొత్త పద్ధతి), ఐఫోన్, ఇంకా ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్‌లకీ యాప్ చేసే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ సంగతులు వేటికి తగ్గట్టు వాటికి. ఉదాహరణకి గొంతు రికార్డ్ చేసే చిన్న యాప్ అనుకుందాం. స్క్రీన్ కింద పెద్ద మైక్ బటన్, పైన రికార్డింగ్‌ల జాబితా, ఒక్కో వరుసలో షేర్, డిలీట్ బటన్‌లు. కోడ్‌లోని పేర్లు పలికినట్టే రాస్తున్నాను, స్టూడియోలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే మిగతాది అదే చూపిస్తుంది.

1. కోడ్ తెరవకముందే తేల్చుకోవాల్సినవి

ఒక కాగితం మీద ఒక్కో బటన్‌కి ఈ నాలుగూ రాసుకోండి. పది నిమిషాల పని, తర్వాత గంటలు మిగులుతాయి.

- నొక్కితే ఏం జరగాలి, ఒక్క వాక్యంలో. "మైక్ నొక్కితే రికార్డింగ్ మొదలవ్వాలి, మళ్ళీ నొక్కితే ఆగాలి."
- బొమ్మ ఏ రకం: ఒకే రంగు గుర్తా, రంగుల బొమ్మా, ఫొటోనా.
- ఎన్ని స్థితులు: మామూలుగా, నొక్కినప్పుడు, పనిచేయనప్పుడు. మైక్‌కి అదనంగా రికార్డింగ్ నడుస్తున్నప్పుడు.
- బొమ్మ ఒక్కటే చాలా, పక్కన మాట కూడా కావాలా.

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. వెతకడం, షేర్, ప్లే, మైక్, చెత్తబుట్ట లాంటివి ఎవరికైనా బొమ్మతోనే అర్థమవుతాయి. "బ్యాకప్ తీసుకో", "రెండు ఫైళ్ళు కలుపు" లాంటి పనులకి ఎంత మంచి బొమ్మ గీసినా చూసేవాళ్ళు ఊహించలేరు. అలాంటి చోట బొమ్మ కింద ఒక మాట రాయండి, మొహమాటం వద్దు.

2. బొమ్మ తయారీ

*ఒకే రంగు గుర్తులైతే వెక్టర్*

వెక్టర్ బొమ్మ, అంటే పిక్సెళ్ళతో కాకుండా గీతల లెక్కలతో దాచే బొమ్మ, ఏ స్క్రీన్ మీదైనా పదునుగా ఉంటుంది, ఫైల్ కూడా చిన్నదే. వెక్టర్ బొమ్మలు సాధారణంగా ఎస్‌వీజీ ఫైల్‌గా దొరుకుతాయి, దాన్ని ఆండ్రాయిడ్ నేరుగా తీసుకోదు కాబట్టి మార్చుకోవాలి:

1. ప్రాజెక్ట్‌లో రెస్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, న్యూలో వెక్టర్ అసెట్ ఎంచుకోండి.
2. అక్కడున్న క్లిప్ ఆర్ట్‌లో మైక్, షేర్, డిలీట్ దొరుకుతాయి. మీ సొంత బొమ్మ అయితే లోకల్ ఫైల్ ఎంచుకుని ఎస్‌వీజీ చూపించండి.
3. సైజు 24 డీపీ (ఆండ్రాయిడ్ కొలత, కింద వివరిస్తాను) దగ్గరే ఉంచండి.
4. పేరు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌తోనే ఉండాలి. పెద్ద అక్షరం, హైఫన్, ఖాళీ ఉన్నా, అంకెతో మొదలైనా బిల్డ్ ఆగిపోతుంది.

ఎస్‌వీజీలో అక్షరాలు టెక్స్ట్‌గా ఉంటే మార్పిడిలో మాయమవుతాయి. గీసిన సాఫ్ట్‌వేర్‌లోనే ముందు వాటిని అవుట్‌లైన్లుగా మార్చుకోండి. బ్లర్, నీడ లాంటి ఫిల్టర్లు కూడా రావు.

*ఫొటోలైతే సైజుల సంగతి*

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మసకబారడం, యాప్ నెమ్మదించడం రెండూ ఇక్కడే మొదలవుతాయి. డీపీ అంటే స్క్రీన్ సాంద్రతని (పిక్సెళ్ళు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్ని) బట్టి పిక్సెళ్ళ లెక్క మారే కొలత. ఎండీపీఐ, హెచ్‌డీపీఐ లాంటివి ఆ సాంద్రతల పేర్లు. ఎండీపీఐ స్క్రీన్ మీద 1 డీపీ ఒక పిక్సెల్. హెచ్‌డీపీఐలో 1.5, ఎక్స్‌హెచ్‌డీపీఐలో 2, డబుల్ ఎక్స్‌లో 3, ట్రిపుల్ ఎక్స్‌లో 4. అంటే 72 డీపీ ఫొటో బటన్‌కి మీ దగ్గర ఉండాల్సిన ఫైళ్ళు ఇవి:

- ఎండీపీఐ: 72 పిక్సెళ్ళు
- హెచ్‌డీపీఐ: 108
- ఎక్స్‌హెచ్‌డీపీఐ: 144
- డబుల్ ఎక్స్‌హెచ్‌డీపీఐ: 216
- ట్రిపుల్ ఎక్స్‌హెచ్‌డీపీఐ: 288

ఒక్కోటి దాని పేరున్న డ్రాయబుల్ ఫోల్డర్‌లోకి వెళ్ళాలి, ఫైల్ పేరు మాత్రం అన్నిట్లోనూ ఒకటే.

ఒకే ఫొటో తెచ్చి, ఏ గుర్తూ లేని మామూలు డ్రాయబుల్ ఫోల్డర్‌లో పడేస్తే ఏమవుతుంది? దాన్ని ఆండ్రాయిడ్ ఎండీపీఐ బొమ్మగా లెక్కేసుకుని ఎక్కువ సాంద్రత ఉన్న స్క్రీన్‌కి తగ్గట్టు సాగదీస్తుంది. 500 బై 500 పిక్సెళ్ళ ఫొటోకి, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున, 10 లక్షల బైట్లు చాలు. అదే ఫొటో డబుల్ ఎక్స్ ఫోన్‌లో 1500 బై 1500 అయ్యి 90 లక్షల బైట్లు తింటుంది. ఒక్క బటన్‌కే దగ్గర దగ్గర 9 ఎంబీ! కెమెరాతో తీసిన 4000 బై 3000 ఫొటోని చిన్నది చేయకుండా పెడితే సాగదీయకముందే 48 ఎంబీ అవుతుంది. ఫైల్ సైజు 2 ఎంబీయే కదా అని ధీమా పడకండి, మెమరీలోకి విప్పినప్పుడు లెక్క పిక్సెళ్ళదే.

ఫొటో ఇంటర్నెట్ నుంచి వస్తుంటే సొంతంగా డౌన్‌లోడ్ కోడ్ రాయొద్దు. కాయిల్ గానీ గ్లైడ్ గానీ, ఈ పనికే ఉన్న లైబ్రరీ ఒకటి వాడండి, అవి బటన్ సైజుకి తగ్గించి మరీ తెస్తాయి.

3. లేఅవుట్‌లో చోటు కేటాయించడం

ఇమేజ్‌బటన్ వాడండి. బొమ్మ చూపించడానికే ఉన్న ఇమేజ్‌వ్యూకి క్లిక్ తగిలించినా పని జరుగుతుంది, కాదనను, కానీ ఇమేజ్‌బటన్‌కి ఫోకస్, నొక్కినప్పటి తీరు, "ఇది బటన్" అని సిస్టమ్‌కి చెప్పడం ముందే సర్ది ఉంటాయి.

కొలతలు ఇలా వేసుకోండి:

- షేర్, డిలీట్: వెడల్పు 48 డీపీ, ఎత్తు 48 డీపీ, ప్యాడింగ్ (అంచుకీ బొమ్మకీ మధ్య ఖాళీ) 12 డీపీ. లోపల బొమ్మకి మిగిలేది 24.
- మైక్: 72 బై 72, ప్యాడింగ్ 18. బొమ్మకి 36.
- రెండు బటన్‌ల మధ్య కనీసం 8 డీపీ ఖాళీ.

48 డీపీ అనేది గూగుల్ వాళ్ళ మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలు చెప్పే కనీస కొలత. ఆపిల్ వాళ్ళ మార్గదర్శకాల్లో అది 44 పాయింట్లు. వెడల్పూ ఎత్తూ ర్యాప్ కంటెంట్ (లోపలిది ఎంతుంటే అంత) అని వదిలేసి 24 డీపీ బొమ్మ పెడితే తాకే చోటు సరిపడా దొరక్కపోవచ్చు. కుర్చీలో కూర్చుని ఎమ్యులేటర్‌లో మౌస్‌తో నొక్కుతుంటే ఈ లోటు కనిపించదు, మౌస్ మొన సూదిలా ఉంటుంది. మా అమ్మ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, బొటనవేలితో అలాంటి చిన్న షేర్ బొమ్మని మూడుసార్లు నొక్కడం చూశాను. రెండుసార్లు ఏమీ అవ్వలేదు, మూడోసారి పక్కనున్న డిలీట్ తగిలింది. ఆ రోజు నుంచి నేను 48కి తగ్గించి ఒక్క బటన్ కూడా పెట్టలేదు.

ఇప్పుడు ఎక్స్‌ఎంఎల్‌లో రాయాల్సిన లక్షణాలు, ఈ వరుసలో:

1. ఐడీ: చేసే పని తెలిసేలా, "బటన్ మైక్" లాంటిది. "ఇమేజ్‌బటన్ 3" అని వదిలేస్తే నెల తర్వాత మీకే అర్థం కాదు.
2. వెడల్పు, ఎత్తు, ప్యాడింగ్.
3. బొమ్మ: ఎస్‌ఆర్‌సీ కంపాట్‌లో ఇవ్వండి. బ్యాక్‌గ్రౌండ్‌లో ఇవ్వొద్దు. బ్యాక్‌గ్రౌండ్‌గా ఇచ్చిన బొమ్మ బటన్ ఎంత ఉంటే అంత సాగుతుంది, సాగిపోతోందన్న ఫిర్యాదుకి సాధారణంగా ఇదే కారణం.
4. స్కేల్ టైప్: ఫిట్ సెంటర్. ఇమేజ్‌వ్యూకి ఇది మామూలుగానే ఉంటుంది, ఇమేజ్‌బటన్‌కి మాత్రం సెంటర్ అని ఉంటుంది. అందుకే పెద్ద బొమ్మ పెడితే చిన్నది కాకుండా మధ్య ముక్క మాత్రమే కనిపిస్తుంది.
5. బ్యాక్‌గ్రౌండ్: తర్వాతి మెట్టులో.
6. టింట్ (బొమ్మ మీద వేసే రంగు): రంగు నేరుగా రాయకుండా థీమ్‌లోని కలర్ ఆన్ సర్ఫేస్ ఇవ్వండి. డార్క్ మోడ్‌లో నల్ల తెర మీద నల్ల బొమ్మ కనిపించని బాధ తప్పుతుంది.
7. కంటెంట్ డిస్క్రిప్షన్: ఆరో మెట్టులో.

వెనక్కి వెళ్ళే బాణం లాంటి దిక్కున్న బొమ్మలకి వెక్టర్ ఫైల్‌లో ఆటో మిర్రర్డ్ ఆన్ చేయండి, కుడి నుంచి ఎడమకి రాసే భాషల్లో అది తిరగబడాలి.

4. వేలు తగిలిందని తెలియాలి

ఆ బూడిదరంగు డబ్బా ఇమేజ్‌బటన్‌తో పాటు వచ్చే బ్యాక్‌గ్రౌండ్. దాన్ని తీసేయడానికి చాలామంది బ్యాక్‌గ్రౌండ్‌ని ట్రాన్స్‌పరెంట్ చేస్తారు. డబ్బా పోతుంది, దాంతోపాటు నొక్కినప్పుడు కనిపించే స్పందన కూడా పోతుంది. వాడేవాళ్ళకి తగిలిందో లేదో తెలియక మళ్ళీ నొక్కుతారు, పని రెండుసార్లు జరుగుతుంది.

దాని బదులు బ్యాక్‌గ్రౌండ్‌లో థీమ్ నుంచి సెలెక్టబుల్ ఐటమ్ బ్యాక్‌గ్రౌండ్ బోర్డర్‌లెస్ అనే ఆట్రిబ్యూట్ ఇవ్వండి. డబ్బా ఉండదు, నొక్కితే గుండ్రంగా రిపుల్ (అలలా విచ్చుకునే ఛాయ) వస్తుంది.

ఫొటో బటన్ అయితే ఇది సరిపోదు. ఫొటో బటన్ మొత్తం పరుచుకుంటే వెనక వచ్చే రిపుల్ దాని చాటున ఉండిపోతుంది. రిపుల్‌ని ఫోర్‌గ్రౌండ్ లక్షణంలో ఇవ్వండి, అప్పుడు ఫొటో పైన కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 6.0 నుంచి అన్ని వ్యూలకీ ఇది ఉంది.

స్థితిని బట్టి బొమ్మే మారాలంటే సెలెక్టర్ ఫైల్ (ఏ స్థితికి ఏ బొమ్మో రాసే ఎక్స్‌ఎంఎల్) కావాలి. మైక్‌కి ఇలా రాయండి:

1. యాక్టివేటెడ్ ట్రూ అయితే: ఆపు బొమ్మ.
2. ఏ షరతూ లేనిది: మైక్ బొమ్మ.

వరుస ముఖ్యం. సెలెక్టర్‌ని ఆండ్రాయిడ్ పైనుంచి కిందికి చదువుతూ, సరిపోయిన మొదటిదాన్ని తీసుకుని ఆగిపోతుంది. షరతు లేని వరుసని పైన పెట్టారంటే కింద ఎన్ని రాసినా ఒక్కటీ పలకదు. "సెలెక్టర్ పనిచేయట్లేదు" అని ఎవరైనా ఫైల్ పంపితే నేను ముందు చూసేది ఇదే.

సెలెక్టెడ్ బదులు యాక్టివేటెడ్ ఎందుకన్నానంటే, సెలెక్టెడ్ పెడితే టాక్‌బ్యాక్ (తెర మీదున్నవి చదివి వినిపించే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) "ఎంచుకోబడింది" అన్న అర్థంలో చదువుతుంది. రికార్డింగ్ నడుస్తున్న బటన్‌కి ఆ మాట అతకదు.

5. క్లిక్‌కి పని తగిలించడం

వ్యూ బైండింగ్ ఆన్ చేసుకోండి, లేఅవుట్‌లోని ఐడీలు కోడ్‌లో పేర్లుగా నేరుగా దొరుకుతాయి, తప్పుగా కొట్టే అవకాశమే ఉండదు. స్క్రీన్ తయారయ్యేటప్పుడు నడిచే ఆన్ క్రియేట్ ఫంక్షన్‌లో వరుస ఇదీ:

1. లేఅవుట్‌ని బైండింగ్‌తో ఇన్‌ఫ్లేట్ చేయండి, అంటే ఎక్స్‌ఎంఎల్ నుంచి అసలు బటన్‌లుగా తయారుచేయండి.
2. సెట్ కంటెంట్ వ్యూకి ఆ బైండింగ్ రూట్‌నే ఇవ్వండి.
3. బటన్ మీద సెట్ ఆన్ క్లిక్ లిజనర్ రాసి, లోపల మొదటి వరుసలో ఒక లాగ్ (ఇక్కడిదాకా వచ్చిందని స్టూడియోలో చూపే సందేశం) పెట్టండి.
4. లాగ్ వస్తోందని చూసుకున్నాకే అసలు పని రాయండి.

రెండోది జాగ్రత్త. పాత కోడ్‌లోని సెట్ కంటెంట్ వ్యూ వరుస (లేఅవుట్ ఫైల్ పేరు ఇచ్చేది) అలాగే ఉంచేసి, కింద బైండింగ్ కూడా ఇన్‌ఫ్లేట్ చేశారనుకోండి. ఇప్పుడు మీ లేఅవుట్ రెండు ప్రతులుగా తయారైంది. స్క్రీన్ మీద ఉన్నది ఒకటి, మీరు క్లిక్ తగిలించింది కనిపించని రెండోదానికి. ఎర్రర్ రాదు, క్రాష్ అవ్వదు, బొమ్మ చక్కగా కనిపిస్తుంది, ఎంత నొక్కినా ఉలకదు పలకదు. బుర్ర బద్దలు కొట్టుకునే ముందు ఈ ఒక్కటీ చూడండి.

ఎక్స్‌ఎంఎల్‌లోనే ఆన్ క్లిక్ అని ఫంక్షన్ పేరు రాసే పాత పద్ధతి వద్దు. ఆ ఫంక్షన్ పబ్లిక్‌గా లేకపోయినా, వ్యూని తీసుకోకపోయినా, నొక్కినప్పుడు యాప్ క్రాష్ అవుతుంది. బిల్డ్‌లో తెలియదు.

*మైక్ బటన్‌కి ఉన్న మెలిక*

ఆండ్రాయిడ్ 6.0 నుంచి మైక్ వాడటానికి యాప్ నడుస్తుండగా అనుమతి అడగాలి. మొదటిసారి నొక్కగానే అనుమతి పెట్టె వస్తుంది. వాళ్ళు సరే అన్నాక రికార్డింగ్ దానంతట అదే మొదలవ్వాలి. చాలా యాప్‌లలో అనుమతి ఇచ్చాక మళ్ళీ మైక్ నొక్కాల్సి వస్తుంది, ఎందుకంటే రికార్డింగ్ మొదలుపెట్టే వరుస క్లిక్‌లో మాత్రమే ఉంటుంది. దాన్ని వేరే ఫంక్షన్‌గా రాసి, క్లిక్ నుంచీ, అనుమతి ఫలితం నుంచీ రెండు చోట్లా పిలవండి. అనుమతి ఇవ్వకపోతే ఎందుకు కావాలో ఒక వాక్యం చూపించండి, బటన్ మౌనంగా ఉండిపోకూడదు.

*రెండుసార్లు నొక్కేవాళ్ళ కోసం*

సర్వర్‌కి పంపే పనైతే క్లిక్ పడగానే బటన్‌ని డిసేబుల్ చేసి, పని అయ్యాక ఎనేబుల్ చేయండి. ఎనేబుల్ చేసే వరుస ఫైనల్లీలో (పని విఫలమైనా తప్పక నడిచే భాగంలో) ఉండాలి. లేకపోతే నెట్ పోయినప్పుడు బటన్ శాశ్వతంగా చచ్చిపోతుంది. డిసేబుల్ చేసినంత మాత్రాన బొమ్మ దానంతట అది మసకబారదు, ఆల్ఫాని (బొమ్మ ఎంత స్పష్టంగా కనిపించాలో చెప్పే విలువని) మీరే 0.38కి తగ్గించి, తర్వాత 1కి తేవాలి.

*జాబితాలో ఉన్న బటన్‌లు*

జాబితా చూపించే రీసైక్లర్‌వ్యూలో డిలీట్ బటన్ పెడుతున్నప్పుడు నేను ఒక తప్పు చేశాను, దానివల్ల నిజంగానే ఒక రికార్డింగ్ పోగొట్టుకున్నాను. వరుసని నింపే ఫంక్షన్‌లో వచ్చిన పొజిషన్ నంబర్‌నే క్లిక్‌లో వాడాను. 4వ వరుస తీసేశాక 5వది పైకి జరిగింది, కానీ దాని బటన్ మనసులో ఇంకా పాత నంబరే ఉంది. నొక్కింది ఒకటి, పోయింది దాని కింద ఉన్నది.

సరైన పద్ధతి: క్లిక్ పడిన క్షణంలో బైండింగ్ అడాప్టర్ పొజిషన్‌ని అడగండి, అది నో పొజిషన్ అయితే ఏమీ చేయకుండా వెనక్కి రండి. అంతకన్నా మంచిది, నంబర్ బదులు రికార్డింగ్ ఐడీతో తీసేయడం. డిలీట్ తర్వాత "తొలగించాం, వెనక్కి తేవాలా" అనే స్నాక్‌బార్ (కింద కాసేపు కనిపించే చిన్న పట్టీ) కూడా పెట్టండి.

6. చూపు లేనివాళ్ళకి వినిపించాలి

బొమ్మ బటన్‌కి మాట ఉండదు కాబట్టి కంటెంట్ డిస్క్రిప్షన్ రాయకపోతే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి అది పేరు లేని బటన్. మూడు పేరు లేని బటన్‌ల మధ్య డిలీట్ ఏదో వాళ్ళు ఎలా కనుక్కోవాలి?

- పని రాయండి, బొమ్మని వర్ణించకండి. "చెత్తబుట్ట" కన్నా "రికార్డింగ్ తొలగించు" మేలు.
- "బటన్" అనే మాట చేర్చొద్దు, టాక్‌బ్యాక్ అది తనే చెబుతుంది. చేరిస్తే రెండుసార్లు వినిపిస్తుంది.
- జాబితాలో అయితే ఏ రికార్డింగో కూడా కలపండి. ఇరవై వరుసల్లో ఇరవైసార్లు "తొలగించు" అని వింటే ఏది ఏదో తెలియదు.
- స్థితి మారితే మాట కూడా మార్చండి: "రికార్డ్ చేయి", ఆ తర్వాత "రికార్డింగ్ ఆపు".
- మాటలన్నీ స్ట్రింగ్స్ ఫైల్‌లో ఉండాలి, అనువాదానికి వీలుగా.

బొమ్మ రంగుకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 3:1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు చెబుతాయి, యాప్‌లకీ అదే పాటించండి. తెల్ల తెర మీద లేత బూడిద గుర్తు ఎండలో నిలబడితే ఎవరికీ కనిపించదు.

7. కంపోజ్‌లో

ఐకాన్‌బటన్ లోపల ఐకాన్ పెడితే 48 డీపీ తాకే చోటు అదే ఏర్పాటు చేస్తుంది. రెండు చోట్ల మాత్రం తడబడతారు.

మొదటిది, రంగుల బొమ్మ ఒకే రంగు ముద్దలా రావడం. ఐకాన్ తన లోపలి బొమ్మ మీద టింట్ వేస్తుంది. టింట్‌ని కలర్ అన్‌స్పెసిఫైడ్ చేయండి, లేదా ఐకాన్ బదులు ఇమేజ్ వాడండి.

రెండోది మాడిఫయర్ల వరుస (సైజ్, ప్యాడింగ్ లాంటి లక్షణాలని ఒకదాని తర్వాత ఒకటి రాసే క్రమం). ఫొటోని గుండ్రటి బటన్‌గా చేయాలంటే: సైజ్, తర్వాత క్లిప్, తర్వాత క్లిక్‌బుల్, చివర ప్యాడింగ్. క్లిప్‌ని క్లిక్‌బుల్ తర్వాత రాస్తే రిపుల్ చతురస్రంగా బయటికి వస్తుంది. ప్యాడింగ్‌ని క్లిక్‌బుల్ ముందు రాస్తే ఆ ఖాళీ చోటు నొక్కుడుకి పలకదు.

8. వేరే చోట్ల ఇదే పని

ఫ్లట్టర్: గుర్తులకి ఐకాన్‌బటన్ చాలు, టూల్‌టిప్ తప్పక రాయండి, స్క్రీన్ రీడర్ దాన్నే చదువుతుంది. ఆన్ ప్రెస్డ్‌కి నల్ ఇస్తే బటన్ డిసేబుల్ అవుతుంది. ఫొటో చుట్టూ ఇంక్‌వెల్ పెట్టినా రిపుల్ కనిపించకపోతే, అది కింద మెటీరియల్ మీద గీయబడి ఫొటో చాటున ఉందన్నమాట. మెటీరియల్ లోపల ఇంక్ ఇమేజ్ పెట్టి, దాని లోపల ఇంక్‌వెల్ పెట్టండి. బొమ్మ దొరకలేదన్న ఎర్రర్ వస్తే పబ్‌స్పెక్ ఫైల్‌లో ఖాళీల అమరిక సరిచూసి, యాప్‌ని పూర్తిగా ఆపి మళ్ళీ నడపండి.

ఐఫోన్: యూఐ ఇమేజ్ వ్యూకి ట్యాప్ జెస్చర్ తగిలించి పనిచేయట్లేదని బాధపడేవాళ్ళు యూజర్ ఇంటరాక్షన్ ఎనేబుల్డ్ చూడండి, దానికి అది ముందే ఆఫ్‌లో ఉంటుంది. అసలు యూఐ బటన్ వాడటమే మంచిది. సిస్టమ్ రకం బటన్‌లో రంగుల బొమ్మ ఒకే రంగులో వస్తే రెండరింగ్ మోడ్‌ని ఒరిజినల్ చేయండి. స్విఫ్ట్‌యూఐలో బటన్ లేబుల్‌గా ఇమేజ్ పెట్టి, ఫ్రేమ్‌ని 44 బై 44 చేసి, కంటెంట్ షేప్‌ని రెక్టాంగిల్ చేయండి, ఖాళీ చోటు కూడా పలుకుతుంది. యాక్సెసిబిలిటీ లేబుల్ ఇక్కడా మరవొద్దు.

రియాక్ట్ నేటివ్: ప్రెసబుల్ లోపల ఇమేజ్. ఇంటర్నెట్ బొమ్మకి వెడల్పు, ఎత్తు మీరే ఇవ్వాలి, లేకపోతే అది కనిపించదు. హిట్ స్లాప్‌తో తాకే చోటు పెంచొచ్చు కానీ అది పేరెంట్ వ్యూ హద్దు దాటదు.

9. నొక్కితే పలకట్లేదు, ఏం చూడాలి

ఈ వరుసలోనే చూడండి, ముందువి తేలిక.

1. లిజనర్‌లో పెట్టిన లాగ్ వస్తోందా? వస్తే క్లిక్ బాగానే ఉంది, లోపలి పనిలో లోపం వెతకండి.
2. బటన్ ఎనేబుల్డ్‌గానే ఉందా?
3. లేఅవుట్ రెండుసార్లు ఇన్‌ఫ్లేట్ అయిందా?
4. పైన ఏదైనా కప్పేసి ఉందా? లోడింగ్ చక్రం కోసం స్క్రీన్ నిండా పరిచి, క్లిక్‌బుల్ చేసిన లేఅవుట్‌ని కనిపించకుండా చేయడానికి ఆల్ఫా 0 చేస్తే, అది కంటికి కనిపించదు కానీ వేలిని ఆపేస్తుంది. విజిబిలిటీని గాన్ చేయాలి. లేఅవుట్ ఇన్‌స్పెక్టర్ తెరిస్తే ఇలాంటి పొరలు కనిపిస్తాయి.
5. పాత లిస్ట్‌వ్యూలో ఇమేజ్‌బటన్ పెట్టాక వరుస మీద క్లిక్ ఆగిపోయిందా? బటన్ ఫోకస్ లాక్కుంటోంది, దాని ఫోకసబుల్‌ని కోట్లిన్ కోడ్‌లో ఫాల్స్ చేయండి, ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తే ఇమేజ్‌బటన్ దాన్ని మళ్ళీ ట్రూ చేసేస్తుంది.

10. విడుదలకి ముందు, చేతిలో నిజమైన ఫోన్‌తో

- డెవలపర్ ఆప్షన్స్‌లో లేఅవుట్ హద్దులు చూపించే స్విచ్ ఆన్ చేసి, ప్రతి బటన్ గీత 48 డీపీకి తగ్గలేదని చూశాను.
- ఒక చేత్తో పట్టుకుని బొటనవేలితో అన్నీ నొక్కాను.
- డార్క్ మోడ్‌లో, లైట్ మోడ్‌లో బొమ్మలన్నీ కనిపిస్తున్నాయి.
- ప్రతి బటన్‌కీ నొక్కిన స్పందన ఉంది.
- గబగబా ఐదుసార్లు నొక్కినా పని ఒక్కసారే జరిగింది.
- నెట్ ఆపి నొక్కాను, బటన్ మళ్ళీ మామూలైంది.
- రికార్డింగ్ నడుస్తుండగా ఫోన్ అడ్డం తిప్పాను, మైక్ బొమ్మ ఇంకా "ఆపు" స్థితిలోనే ఉంది.
- టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని ఒక రికార్డింగ్ చేసి, దాన్నే తొలగించగలిగాను.

అడ్డం తిప్పినప్పుడు మైక్ బొమ్మ మళ్ళీ మొదటికొస్తే, స్థితిని యాక్టివిటీలో (తిప్పగానే మళ్ళీ కొత్తగా తయారయ్యే స్క్రీన్‌లో) కాకుండా, తిప్పినా నిలిచి ఉండే వ్యూమోడల్‌లో దాచి, అక్కడినుంచి యాక్టివేటెడ్‌నీ, కంటెంట్ డిస్క్రిప్షన్‌నీ ఒకే ఫంక్షన్‌లో మార్చండి. రెండూ వేర్వేరు చోట్ల మారుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు బొమ్మ ఒకటి చూపిస్తుంది, టాక్‌బ్యాక్ ఇంకోటి చదువుతుంది.